ముప్ఫై ఏడు మిల్లీమీటర్ల బొజ్జన్న

కోన గట్టు కాపలా పుస్తకం
రాస్తున్నది: సుంకులమ్మ, గట్టుమనిషి, పంతొమ్మిదో ఏడు

పుష్యం 3

రాబందులు పదిహేడు. గాలి ఉత్తరం నుంచి, నెమ్మదిగా. చలి మాత్రం నెమ్మదిగా లేదు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తెల్లవారగానే అవతలి ఒడ్డుకు అడవిదున్నలు పదకొండు వచ్చాయి. మడుగులో నీళ్లు తాగి వెళ్లిపోయాయి. అన్నీ నిలకడగానే నడిచాయి. ఏ ముక్కులోనూ నెత్తురు లేదు.

మండలివాళ్లు ఈ ఏడు పుస్తకం విడమరిచి రాయమన్నారు. నా తర్వాత వచ్చే గట్టుమనిషికి అర్థం కావాలట. ఆ వచ్చేదెవరో తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాను, చూస్తాం చూస్తాం అంటున్నారు. సరే, రాస్తాను. ఇక్కడ రాత్రింబవళ్లు నాకు వేరే వ్యాపకం ఏముంది?

రైఫిల్ గొట్టం కడిగాను. వాడినా వాడకపోయినా వారానికోసారి కడగాలి. రాగి తూటా పోయిన దారంతా లోపల ఎర్రటి పూత అంటుకుంటుంది. అది వదలాలంటే పులిసిన బర్రె ఉచ్చలో గుడ్డ ముంచి, కడ్డీకి చుట్టి, గుడ్డకు నీలిరంగు అంటడం ఆగేదాకా తోమాలి. ఇన్నేళ్లుగా నా చేతులకు అదే కంపు. ఊళ్లో ఏ పెళ్లికి వెళ్లినా నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెడతారు. పోనీ, ఆ వేళకు వడ్డించేవాళ్లు కూడా అలిసిపోయి ఉంటారు, మాట్లాడించరు. నాకు అదే హాయి.

మధ్యాహ్నం తూటాలు తుడిచి పెట్టెలో సర్దాను. తొమ్మిది. ఒక్కొక్కటి ఒక్కో మనిషి. మనకు పన్నెండో ఏట చేతికి వేసే రాగి కడియం, పంపు మూతికి ఆనిస్తేనే నీళ్లు వదిలే కడియం, మనిషి పోయాక దస్తగిరమ్మ లేత్ మిషన్ మీదికి వెళ్తుంది. ఒక కడియానికి ఒక తూటా. రాలిన పొట్టును గుడ్డలో మూటకట్టి ఇంటివాళ్లకు ఇచ్చేస్తుంది. తూటా అడుగున పేరు చెక్కుతుంది. నేను దాన్ని జబ్బు దున్న మీద పేల్చిన రోజున ఈ పుస్తకంలో ఆ పేరు రాస్తాను. ఆ మనిషి పోయాక కూడా మన నీళ్లు కాపాడినట్టు లెక్క. నాకు ఇలాంటివి పెద్దగా పట్టవు గానీ ఒక్క పేరు కూడా ఎప్పుడూ తప్పు రాయలేదు.

పోయిన వరసలోనే పేల్చాలి. ఇప్పుడు ముందున్నది బొజ్జన్న. పంపు షెడ్డులో మేస్త్రీ, పోయిన చైత్రంలో పోయాడు. ముప్ఫై ఏడు మిల్లీమీటర్లు! పెట్టెలో అందరికంటే పొడుగు. బతికుండగా ఆ మనిషి నా భుజం దాకా కూడా వచ్చేవాడు కాదు. అంతా ఆయన భార్య కంబగిరమ్మ పంతం.

నేను వచ్చిన కొత్తలో ఏ తూటా ముప్ఫై దాటేది కాదు. తర్వాత ఎవరో తమ తండ్రికి ముప్ఫై రెండు చేయించారు. పక్కింటివాళ్లకు కడుపు మండి ముప్ఫై మూడు అడిగారు. అలా తూటా పొడుగు ఇంటి పరువైపోయింది. నేనూ అడ్డు చెప్పలేదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి బరువు కావాలంటే పొడుగు పెంచాల్సిందే, బరువుంటే గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, మంచిదేగా అని తలూపాను.

పుష్యం 6

రాబందులు పదిహేడు. గాలి లేదు. మంచు.

పన్నెండో దున్న కనిపించింది. మందలో కలవకుండా ఒక్కతే అవతలి ఒడ్డు బండ మీదికి వచ్చింది. ముక్కు నుంచి నల్లటి నెత్తురు కారుతోంది. వెనక కాళ్లు తడబడుతున్నాయి. దొమ్మ.

ఈ దొమ్మ పట్టిన గొడ్డు వారం, పది రోజులు నిలబడుతుంది. ఒళ్లు కాగిపోయి రోజుకింత మడుగు లోపలికి దిగి, చివరికి నీళ్లలోనే పడి చస్తుంది. ఊరికే తాగి వెళ్లిపోతే ఆ రోగాన్ని మన పంపు వడపోత ఆపుతుంది. శవం నానితే ఏ వడపోతా ఆపలేదు. నాలుగు వందల ఇళ్లు ఆ మడుగు నీళ్లే తాగుతాయి. కాబట్టి అది బండ మీద పడాలి, నీళ్లలో పడకూడదు. గట్టుమనిషికి ఉన్న పని అదొక్కటే. అవతలికి వెళ్లి చంపుదామంటే, అటు అడుగు పెట్టినవాళ్లను రోగం అంటించుకొస్తారని ఇటు రానివ్వరు.

దూరం ఆరు వందల పది మీటర్లు. బొజ్జన్నను ఎక్కించాను. మెడ వెనక గురిపెట్టి, ఊపిరి వదిలి, సగంలో ఆపి, నొక్కాను.

తగల్లేదు. దుమ్ము కూడా ఎక్కడ లేచిందో కనబడలేదు. దున్న తలెత్తి చూసి, తూలుకుంటూ పొదల్లోకి పోయింది.

తూటా: బొజ్జన్న. ఫలితం: తప్పింది.

ఈ రెండో మాట రాయడానికి చాలాసేపు పట్టింది. పంతొమ్మిదేళ్లలో రెండోసారి రాయడం ఇది.

పుష్యం 7

రాబందులు పదిహేడు. దున్న తెల్లవారగానే వచ్చింది, గిట్టలు తడిసేదాకా దిగి తాగింది. నేను పేల్చలేదు. తప్పెక్కడుందో తెలియకుండా ఇంకొకరిని ఎలా ఎక్కించను?

గొట్టం మళ్లీ కడిగాను, పూత లేదు. టెలిస్కోపు మరలు చూశాను, బిగువుగా ఉన్నాయి. ఇక మిగిలింది నా కళ్లు. అవతలి ఒడ్డున ఉన్న 'ప్రవేశం లేదు' రేకు బోర్డు మీద తుప్పు మచ్చలు లెక్కపెట్టాను. పద్నాలుగు. పోయినేడూ పద్నాలుగే. కళ్లు కాదు.

మధ్యాహ్నం మద్దిలేటి ఎక్కి వచ్చాడు. పంపు దగ్గర కడియాలు చూసి నీళ్లు వదిలే గుమాస్తా. మంచివాడే గానీ నోట్లో మాట ఆగదు.

"పెద్దమ్మా, ఊర్లో ఏమేమో అనుకుంటాండారు. బొజ్జన్న బతికినప్పుడు పంపు నీళ్లు దొంగతనంగా వదులుకున్న్యాడంట, అందుకే సచ్చినాక గూడా నీళ్లు కాయలేదంట."

"అన్నోడి నోట్లో మన్ను పొయ్యా! బొజ్జన్న ఒక చెంబు గూడా ఎక్కువ తాగి ఎరగడు."

"నేనంటాండానా? వాళ్లంటాండారు." గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, ఈ రైఫిలు సీసం కోసం చేసిందే గదా? పాత బ్యాటరీ సీసం నా దగ్గర ఉండాది. రెండంటే రెండే పోసుకో. ఎవురికీ తెలీదు."

నాకు ఒళ్లు మండిపోయింది. వీడు పుట్టకముందు సంగతి, వీడికేం తెలుసు? నాకు ముందున్న గట్టుమనిషి సరిగ్గా అదే చేశాడు. దున్న పడింది. రాబందులు తిన్నాయి. మాంసంలో చిట్లిన సీసం ముక్కలు తిని పదకొండు పక్షులు తలలు వాల్చి చచ్చాయి. ఆ తర్వాత పడిన దున్నను తినే దిక్కు లేదు. ఈ దొమ్మను పూడిస్తే మట్టిలో నూరేళ్లు బతుకుతుంది, కాలిస్తే పొగలో వస్తుంది. చచ్చేది ఆ పక్షుల కడుపులోనే. బండ మీద నెల రోజులు కుళ్లితే ఈగలు ఊళ్లోకి మోసుకొచ్చాయి. నలభై ఆరు మంది. అందులో మా అమ్మ ఉంది.

"ఇంకోసారి ఆ మాటంటే నిన్నే ఆ బండ మీద పడుకోబెడతా," అన్నాను. దిగిపోయాడు.

పుష్యం 8

రాబందులు పదిహేడు. గాలి లేదు.

దున్న మోకాళ్ల దాకా దిగింది. ఆగలేకపోయాను. నీళ్లు తాగి బండ మీదికి తిరిగొస్తున్నప్పుడు రెండో తూటా పేల్చాను. తిప్పక్క, ముప్ఫై ఆరు మిల్లీమీటర్లు. తప్పింది. కానీ ఈసారి రేకు బోర్డు టంగుమని మోగింది. దున్నకు రెండు బారల పక్కన, నడుమెత్తు పైన! అంత పక్కకు నా జన్మలో కొట్టలేదు.

టెలిస్కోపులో బోర్డు చూశాను. కొత్త చిల్లు గుండ్రంగా లేదు. చిక్కుడు గింజలా, పొడుగ్గా, అడ్డంగా ఉంది. తూటా మొన ముందుకు పెట్టుకుని పోలేదు. గాలిలో పల్టీలు కొట్టుకుంటూ పోయి అడ్డంగా తగిలింది.

దస్తగిరమ్మకు కబురు పెట్టాను. ఆయాసపడుతూ ఎక్కొచ్చింది. చిల్లు చూడమని టెలిస్కోపు ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"నా పనిలో తప్పు లేదక్కా. మొన, మడమ, అన్నీ ఒక్క తీరుగ తీసినా."

"నీ తప్పని నేనంటినా? ఎందుకట్ల పోయిందో చెప్పు."

ఆమె చేతిలో ఉన్న టెలిస్కోపు మూతను నేల మీద గిరగిరా తిప్పింది. "బొంగరం పొడుగు చేసినామనుకో, ఏమైతాది?"

"తూలి పడతాది."

"పడకుండా ఉండాలంటే?"

"ఇంకా గట్టిగా తిప్పల్ల."

"నీ గొట్టంలో తూటాను తిప్పే మెలికలు కోసినోడు పొట్టి సీసపు తూటాలకు కోసినాడు. అది తిప్పేది అంతే తిప్పుతాది. మనం పొడుగు పెంచుకుంటా పోతిమి."

"అట్లయితే వైశాఖంలో కాగితం మీద చిల్లు గుండ్రంగా ఎట్లా వచ్చింది? చప్పట్లు గూడా కొడితిమి గదా."

ఇద్దరం చలికి ముడుచుకుని కూర్చున్నాం. ఆమె తెచ్చిన జొన్నరొట్టె మీద నెయ్యి గడ్డకట్టి తెల్లగా అయిపోయింది. గోటితో గీకుతూ ఉంటే నాకు తట్టింది. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ప్రతి వైశాఖం మనం 'తూటా చూపు' పెడతాం. ఆ ఏడు చేసినవాటిలో చీటీ తీసి ఒకదాన్ని కాగితం మీదికి పేలుస్తాం. చిల్లు గుండ్రంగా పడితే మిగతావన్నీ పాసైనట్టు. ఆ కాగితం ఇంటివాళ్లు గోడకు తగిలించుకుంటారు. కోతలు అయిపోయి అందరికీ తీరిక ఉండేది అప్పుడే కాబట్టి అప్పుడే పెడతాం, అన్నాలు తిన్నాక నడిమధ్యాహ్నం, బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలో. ఆ వేడికి గాలి పల్చగా ఉంటుంది. పొడుగు తూటా కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. కానీ దున్నలు ఈ మడుగుకు వచ్చేది చలికాలంలోనే, అదీ తెల్లవారుజామున. చలికి గాలి కూడా ఈ నెయ్యిలాగే చిక్కబడుతుంది. అందులో తూటా తల తిరిగిపోతుంది. పోయిన చలికాలాల్లో పేల్చినవి ఇంత పొడుగు లేవు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎప్పుడో మునిగేవాళ్లం.

పరీక్ష పెట్టేది ఎండలో, పని పడేది మంచులో. ఇన్నేళ్లుగా నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. తట్టాల్సింది నాకే.

పుష్యం 9

రాబందులు పదహారు. ఒకటి ఆలస్యంగా వచ్చింది, పదిహేడు. దున్న తొడల దాకా దిగింది. ఇంక మూడు నాలుగు రోజులు.

గట్టు దిగి ఊళ్లోకి వెళ్లాను. పంపు షెడ్డులో మండలి కూర్చుంది. పెట్టెలో మిగిలిన ఏడు తూటాల ఇళ్లవాళ్లూ వచ్చారు. ఉన్న సంగతంతా చెప్పాను. రెండు తూటాలు ముప్ఫైకి తక్కువగా కోయించండి చాలు, ఒకటి చలిలో పరీక్షకు, ఒకటి దున్నకు, అన్నాను.

అందరూ ఒకేసారి పలికారు. మా నాయనను నడుముకు కోస్తారా అని ఒకరు. పొట్టు ఇస్తారు సరే, తల ఇస్తారా అని ఒకరు. బతికినంత కాలం తల వంచని మనిషిని సచ్చినాక పొట్టి చేస్తామా అని ఒక ముసలాయన ఏడ్చేశాడు. ఆయన్ను నేనేమనగలను?

"నడిమధ్యాహ్నం పేల్చరాదా?" అన్నారు మండలిలో ఒకరు.

"ఎండ రాకముందే పొదల్లో దూరతాది సామీ. తెల్లారేటప్పుడే బయటికొస్తాది."

"పోనీ తూటాను కుంపటి మీద కాచి పేల్చు పెద్దమ్మా," అన్నాడు మద్దిలేటి.

"చల్లగుండేది తూటా కాదురా, గాలి. కోన మొత్తానికి కుంపటి పెడతావా?"

నవ్వారు. నవ్వి మళ్లీ కాదన్నారు. అప్పుడు మూల నుంచి కంబగిరమ్మ లేచింది. ముఖం పీక్కుపోయి ఉంది. ఈ మూడు రోజులుగా పంపు దగ్గర ఆమె పక్కన ఎవరూ నిలబడటం లేదని తర్వాత తెలిసింది.

"మా ఆయన తప్పలేదంటావు, అంతేనా వదినా?"

"తప్పలేదు. పొడుగు తప్పింది."

"ఆ పొడుగు నేనే అడిగితి గదా. ముప్ఫై ఏడు కావాలని నీ కాళ్లు పట్టుకుంటి. పొట్టోడు పొట్టోడని ఊరంతా ఎగతాళి చేసిరని..." ఆమె చుట్టూ చూసి, "నా దగ్గర ఇంకోటి లేదు. ఉంటే ఇచ్చేదాన్ని," అంది.

మిగిలినవాళ్లు తలలు దించుకున్నారు గానీ ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగాను. ఏడు ఇళ్లు. నీళ్లిచ్చారు, మజ్జిగ ఇచ్చారు, తూటా మాత్రం ఇవ్వం అన్నారు. పేరున్న తూటాను ఇంటివాళ్ల మాట లేకుండా కోసే హక్కు నాకు లేదు. గట్టు ఎక్కుతుంటే మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. ఎవరి మీదా కోపం కూడా రావడం లేదు. అంత ఓపిక లేదు.

పుష్యం 10

రాబందులు పదిహేడు. దున్న పొట్ట దాకా దిగి, బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

దస్తగిరమ్మ షెడ్డుకు వెళ్లి, నా కుడి చేయి బల్ల మీద పెట్టాను.

"కొయ్యి," అన్నాను.

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రంపం తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. "నీకేమన్నా మతి పోయిందా? బతికున్న మనిషి కడియం నేను కొయ్యను. పో!"

"నా మణికట్టు లావు. ఇరవై రెండు గ్రాములు. పొట్టిగ తీస్తే రెండు తూటాలొస్తాయి గదా?"

"వస్తే? రేపు పంపు దగ్గర ఏం ఆనిస్తావు, నీ మొగమా?"

"అది రేపు సంగతి."

"అక్కా, నేను కొయ్యనంటే కొయ్యను."

నేను ఆకురాయి తీసుకుని నేనే మొదలుపెట్టాను. నలభై అయిదేళ్ల కడియం. ఎముకలు ముదిరాక ఊడి రాదు, కోయాల్సిందే. ఎడమ చేత్తో అరగదీస్తుంటే జారి చర్మం గీరుకుపోయింది. నెత్తురు చూసి దస్తగిరమ్మ బూతులు తిడుతూ తాళం తీసింది. ఏడుస్తూనే కోసింది. కరిగించి, కడ్డీ పోసి, లేత్ మీద పెట్టి, మధ్యాహ్నానికల్లా రెండు తూటాలు తీసింది. ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు, రెండూ. అడుగున పేరు చెక్కేటప్పుడు మాత్రం నన్ను బయటికి పొమ్మంది.

చేయి తేలిగ్గా ఉంది. కడియం ఉన్నచోట చర్మం తెల్లగా, పసిపిల్లల చర్మంలా ఉంది.

పుష్యం 11

రాబందులు పదిహేడు. చలి నిన్నటికంటే ఎక్కువ, నాకు కావాల్సిందీ అదే.

దున్నకు చప్పుడు వినపడకుండా గట్టు వెనక లోయలోకి దిగి, సూర్యుడు రాకముందే నూరు గజాల్లో కాగితం కట్టాను. మొదటి తూటా పేల్చాను. దగ్గరికి వెళ్లి చూశాను. చిల్లు గుండ్రంగా, గిల్లి తీసినట్టుగా ఉంది. వేలు పెట్టి చూశాను. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. నేనే ఒకసారి కొట్టుకున్నాను.

ఒకటే బెంగ. తేలిక తూటా కాబట్టి గాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది. గాలి సరిగ్గా చదవాలి. రెండోది తప్పితే నా దగ్గర ఇంకో చేయి లేదు.

దున్న ఈరోజు నీళ్లలోనే చాలాసేపు కూలబడి, ఎలాగో లేచి పోయింది. రేపు లేవదు.

పుష్యం 12

రాబందులు పదిహేడు.

దున్న మసక వెలుతురులో వచ్చింది. నడక కాదది, ఈడ్పు. బండ చివర నీళ్లకు పది అడుగుల్లో నిలబడి రొప్పుతోంది. మడుగు మీద మంచు ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతోంది. దాన్ని బట్టి గాలి చదివాను. మూడు బెత్తెలు ఎడమకు పట్టాను. మంచు నడక ఆగింది. ఆగితే ఎడమకు పట్టకూడదు. మళ్లీ నడిచింది. దున్న రెండడుగులు వేసింది. నా గుండె చప్పుడు రైఫిల్ మడమలో వినిపిస్తోంది. మంచు ఒక్క తీరుగా సాగే దాకా ఆగాను. దున్న ఇంకో రెండడుగులు వేసింది. ఇక చాలు తల్లీ అన్నాను, దానితోనో నాతోనో. నొక్కాను.

ముందుకాళ్లు ముడుచుకుని, ఉన్నచోటే కూలింది. మూతి నీళ్లకు నాలుగడుగుల దూరంలో ఉంది. మళ్లీ కదల్లేదు. పదింటికల్లా మొదటి పక్షి దిగింది.

ఏడ్చాను. ఎందుకో రాయను.

మధ్యాహ్నం మద్దిలేటీ కంబగిరమ్మా కలిసి ఎక్కొచ్చారు. ఊరంతా పండగలా ఉందట. వీళ్లిద్దరి ముఖాలు చూస్తే ఏదో అనుకుని వచ్చారని తెలిసిపోయింది.

"పెద్దమ్మా, కాపలా పుస్తకంలో ఇంకా తూటా పేరు రాయలేదు గదా?" అన్నాడు మద్దిలేటి. "రాయద్దు. కడియం ఇరిగిపోతే కొత్తది ఇయ్యొచ్చని రూలుండాది. ఇరిగిందని నేను రాసుకుంటా. కాపలా పుస్తకంలో తూటాగా నీ పేరు పడిందంటే మాత్రం నువ్వు పోయినట్టే. నేనేం చేయలేను."

"మరి ఎవురి పేరు రాయాల?"

కంబగిరమ్మ నా చేయి పట్టుకుంది, గాటు పడిన చేయి. "మా ఆయన పేరు రాయి వదినా. ఆరో తేదీ పుట చించేయ్. ఆ పొద్దు పేల్చనే లేదను. ఈ పొద్దు బొజ్జన్న కొట్టినాడను. నువ్వు బతుకుతావు, ఆయప్ప పేరూ నిలబడతాది. ఎవురికి నష్టం చెప్పు?"

నిజంగానే ఎవరికీ నష్టం లేదనిపించింది. కలం తీశాను కూడా. బొజ్జన్నకు ఆ మాత్రం పేరు రావాలి. నాకూ చావాలని లేదు. అలసట వేరు, చావు వేరు.

కానీ రాయబోయే వాక్యం ఒకసారి మనసులో చదువుకున్నాను. 'బొజ్జన్న, ముప్ఫై ఏడు మిల్లీమీటర్లు, పుష్యం, చలి, తగిలింది.' నా తర్వాత వచ్చే మనిషి ఇది చదువుతుంది. ఇంకో పుష్యంలో ఇంకో దున్న వస్తుంది. పుస్తకంలో ఉందిగా అని నమ్మి, ముప్ఫై ఏడు ఎక్కిస్తుంది. ఆ రోజు చెప్పడానికి నేను ఉండను.

"వద్దు వదినా," అన్నాను. "తప్పు రాస్తే నీళ్లు పోతాయి."

ఆమె చేయి వదిలేసింది. "నీ పుస్తకం నువ్వే కట్టుకుని ఏడువు," అని గిర్రున తిరిగి దిగిపోయింది. మద్దిలేటి కళ్లు తుడుచుకుని, వెనకాలే పోయాడు.

తూటా: సుంకులమ్మ. పొడుగు: ఇరవై తొమ్మిది. ఫలితం: తగిలింది.

పుష్యం 13

రాబందులు పదిహేడు, అన్నీ బండ మీదే. రేపటికి ఎముకలు మిగులుతాయి.

మద్దిలేటి ఉదయం వచ్చి నీళ్ల లెక్కలో నా పేరు కొట్టేశాడు. కొట్టేసి నా ముందే ముక్కు చీదుకున్నాడు. నీళ్ల వాటా ఆగింది. చచ్చిన మనిషి కాపలా కాయవచ్చా లేదా అని మండలిలో చర్చ జరుగుతోందట. తేలేదాకా కాయమన్నారు! పెద్దకర్మ అయ్యేదాకా జీతం ఇస్తారా అని అడిగాను. ఎవరూ నవ్వలేదు.

వచ్చే గట్టుమనిషికి: తూటా చూపు ఇక మీదట పుష్యంలో, తెల్లవారుజామున పెట్టించు. ముప్ఫై దాటనివ్వకు. ఎవరు ఏడ్చినా దాటనివ్వకు. ఆరో తేదీ పుట అలాగే ఉంచు. దాని కింద ఇంకో మూడు వాక్యాలు చేర్చాను, అవి కూడా చదువు.

సాయంత్రం వెలుతురు ఉండగానే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కంబగిరమ్మ. చేతిలో నిండు చెంబు, మీద మూత. నా ముఖం చూడలేదు.

"ఆరో తేదీ కింద ఏమో రాసినావంట. మద్దిలేటి చెప్పినాడు. చదువు."

చదివాను. 'బొజ్జన్న తప్పలేదు. ముప్ఫై ఏడు మిల్లీమీటర్లు తప్పింది. అంత పొడుగుకు ఒప్పుకున్నది గట్టుమనిషి సుంకులమ్మ.'

"ఇంకోసారి చదువు."

మళ్లీ చదివాను. ఆమె పెదవులు కదిలాయి, కంఠతా పడుతోంది. తర్వాత వంగి, చెంబు నా గడప మీద పెట్టింది.

"ఇదేంది వదినా? నాకు వాటా లేదు. తెల్సుకుంటే మీ ఇంటి నీళ్లు గూడా ఆపుతారు."

"నీకెవురిచ్చినారు? నువ్వు సచ్చినావు గదా. సచ్చినోళ్లకు గడప మీద నీళ్లు పెట్టద్దని ఏ రూల్లో ఉండాదో ఆ మద్దిలేటిని చూపియ్యమను." కొంగు బిగించి దోపుకుంది. "నా కోపం పోలేదు. అయినా పెడతాండా. రేపు దస్తగిరమ్మ పెడతాదంట. ఎల్లుండి ఎవురో నాకు తెలీదు."

దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చెంబు చేతిలోకి తీసుకున్నాను. సగం తాగి సగం రేపటికి ఉంచుదామనుకున్నాను. ఆగలేదు, మొత్తం తాగేశాను.